సామ్యవాద రాజ్యములందలి పశువైద్య వ్యవస్థయు, తెలంగాణమున ముసరవ్యాధి నిర్మూలనమును

ప్రస్తావన

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు అనగానే ఎవరికైనను మొదట స్ఫురించునది పసుపు. పసుపు ఇంచుమించు తొమ్మిది నెలల పంట. అది నేలసారమును విశేషముగా పీల్చుకొనును. కావున దుక్కిలో బండ్లకొలది పశువుల ఎరువు తోలక పసుపు వేయు రైతు పూర్వము లేడు. దున్నుటకు ఎడ్లు, మోటతో నీరు తోడుటకు ఎడ్లు, ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను బండిపై అంగడికి చేర్చుటకును ఎడ్లే. ట్రాక్టరును, విద్యుత్తు మోటారును రాకమునుపు, పసుపు ధర ఎంత పలికినను, కొట్టములో ఎద్దు కూలిన ఇంట ఆ యేడు పంట లేదు. పసుపు చరిత్రలో సగము పశువు చరిత్ర యని మేము అనుట ఇందువలననే.

ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది పశురోగ నివారణమునకై రాజ్యము ఏర్పరచిన వ్యవస్థను. ఇరువదవ శతాబ్దమున ఈ పనికి రెండు మార్గములు కనబడినవి. సామ్యవాద రాజ్యములు పశువైద్యుని ప్రభుత్వోద్యోగిని చేసినవి; పశువును క్రమముగా సమష్టి ఆస్తిని చేసినవి; టీకాను రాజాజ్ఞను చేసినవి. భారతదేశమునను పశువైద్యుడు ప్రధానముగా ప్రభుత్వోద్యోగియే. కాని పశువు రైతు సొంతము. టీకా చాలవరకు నచ్చజెప్పి వేసినది. ఈ రెండు మార్గములును ముసరవ్యాధిని రూపుమాపినవి. అట్లయినచో ఆ రెంటికి గల భేదమెక్కడ? మా అభిప్రాయమున ఆ భేదము టీకాలో లేదు, రోగవార్తలో ఉన్నది. పశువు మేత ముట్టలేదని మొట్టమొదట తెలియునది దానిని మేపు వానికి. వాడు నోరు విప్పి చెప్పునా, దాచునా అను దానిపైననే తక్కిన వ్యవస్థయంతయు నిలుచును.

తెలుగుశాఖ పత్రికలో పశువైద్యమేల యని శంకింపనక్కరలేదు. రోగముల పేర్లు, వానిని గూర్చిన ఆచారములు, రైతు అధికారితో మాటలాడిన తీరు, ఇవన్నియు భాషాసంస్కృతుల విద్యార్థి పరిశీలింపదగినవే.

1. రోగనామములు, ఆచారములు

తెలుగు రైతు పశురోగములకు పెట్టిన పేర్లలో గొప్ప పరిశీలనము కలదు. నోటను గిట్టలలోను పుండ్లు లేచి పశువు కుంటునట్టి జాడ్యము గాలికుంటు. ఆ రోగము గాలివాటున కొంత దూరము వ్యాపింపగలదని విజ్ఞానశాస్త్రము తరువాత నిరూపించినది. పేరు ముందే చెప్పినది. గొంతు వాచి గురకతో చచ్చునది గొంతువాపు. తొడజబ్బలు వాచునది జబ్బవాపు. మేయుచున్న గొఱ్ఱె చిటికెలో కూలునది కావున కాపరులు దానిని చిటుకరోగమందురు. నెత్తురు గడ్డకట్టక నవరంధ్రముల వెడలు మృత్యువు దొమ్మ. వీనిలో నెల్ల భయంకరమైనది జ్వరముతో మొదలై, నోరు పూచి, కన్ను ముక్కు కారి, పారుడు పట్టి వారము పదిదినములలో మందకు మందను తుడిచిపెట్టునది. దానిని పెద్దరోగమనియు, ముసర యనియు పిలిచిరి. తక్కిన రోగములకు లక్షణమును బట్టి పేర్లు కలిగినవి. దీనికి మాత్రము పరిమాణమును బట్టి పేరు కలిగినది. ఎంత నష్టమును చూచి ఆ పేరు పెట్టిరో ఊహింపవచ్చును.

ఈ జాడ్యములు వచ్చినప్పుడు పల్లెలలో పోచమ్మకు, ఎల్లమ్మకు మ్రొక్కి, పొలిమేర చుట్టి పొలి చల్లుట ఆచారము. బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రకటించిన దక్షిణభారత గ్రామదేవతల గ్రంథమున తెలుగు పల్లెలలోని ఇట్టి బలులను వర్ణించియున్నాడు. వీనిని మూఢవిశ్వాసములని త్రోసివేయుట సులభము. కాని పొలిమేరను కట్టుట యనగా ఊరి పశువు బయటికిని, బయటి పశువు ఊరిలోనికిని పోకుండ చేయుటయు కదా. రోగము హద్దు దాటి వచ్చునను గ్రహింపు అందున్నది. అంతేకాక ఆ క్రతువు జరుపవలెనన్నచో ఊరిలో జాడ్యమున్నదని అందఱును బహిరంగముగా ఒప్పుకొనవలెను. రోగమును దాచని సమాజ మది. ఈ అంశమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

ఆర్మూరు స్థానమును కూడ గుర్తింపవలెను. ఉత్తరమున గోదావరి దాటి నాగపూరుకు, దక్షిణమున హైదరాబాదుకు పోవు బాట ఈ ఊరి మీదుగానే సాగును. నేడది 44వ జాతీయ రహదారి, మొన్నటివరకు 7వది. పూర్వము లంబాడీల పెరికె ఎద్దులు ధాన్యమును, ఉప్పును మోయుచు దక్కను అంతటను సంచరించెడివి. సరకు వచ్చు బాటనే జాడ్యమును వచ్చును. వారపు అంగడిలో నాలుగు దిక్కుల పశువులును ఒక తొట్టిలో నీరు త్రాగును.

2. ఆంగ్ల ప్రభుత్వమును, నిజాము రాజ్యమును

భారతదేశమున పశుజాడ్యములను గూర్చి ప్రభుత్వము మొదట మేల్కొన్నది పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధమున. మదరాసు ప్రభుత్వము 1866లోనే పశురోగముల చట్టమును చేసెను. 1871లో పశుజాడ్య విచారణ సంఘము తన నివేదిక నిచ్చెను. 1889లో పూనాలో ఏర్పడిన బాక్టీరియా పరిశోధనశాల 1893లో హిమాలయ ప్రాంతమందలి ముక్తేశ్వరమునకు తరలెను. 1897లో రాబర్ట్ కాక్ అచ్చటికి వచ్చెను. 1892లో సివిల్ పశువైద్యశాఖ ఏర్పడెను. అచ్చటనే 1920–30 దశకమున జె. టి. ఎడ్వర్డ్స్ ముసర విషక్రిమిని మేకలలో పలుమార్లు పెంచి, దాని తీవ్రతను తగ్గించి, చవుకైన టీకాను సాధించెను.

ముసర భారతదేశమున కెంతటి కళంకమయ్యెనో 1920 నాటి సంఘటన తెలుపును. ఆ యేడు భారతదేశమునుండి బ్రెజిలుకు పోవు పశువులు బెల్జియమునందలి ఆంట్వర్ప్ రేవున దిగగా, ముసర ఐరోపాలో మరల తలయెత్తెను. ఆ భయముననే 28 దేశములు 1924లో పారిసు నగరమున అంతర్జాతీయ పశువ్యాధి కార్యాలయమును స్థాపించినవి. ఆ కార్యాలయపు ప్రధానోద్దేశము వైద్యము కాదు. రోగము పుట్టిన దేశము తక్కిన దేశములకు దాచక వార్త చెప్పుట.

నిజాము రాజ్యమున పశువైద్యశాఖ వేరుగా నుండెను. 1946లో హైదరాబాదున పశువైద్య కళాశాల ఏర్పడెను. కాని రాజ్యభూమి దివానీ, సర్ఫేఖాస్, పాయెగా, జాగీరులని చీలియుండుటచేత ఏకాజ్ఞ లేదు. జాగీరు ఎల్ల వద్ద అధికారి ఆగును గాని రోగమాగదు. అదియును గాక, ప్రభుత్వము మందను లెక్కించుట రైతు అనుభవమున వైద్యము కొఱకు కాదు, పన్ను కొఱకు. ఆంధ్రప్రాంతమున 1921లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమని తిరుగబడిరి. తెలంగాణమున గొల్ల కురుమలు దొరకు వెట్టిగా గొఱ్ఱెల నీయవలసి వచ్చెడిది. అధికారి వచ్చుచున్నాడని వినగానే మందను అడవికి తోలుట కాపరి నేర్చిన ప్రథమ పాఠము. టీకా సూదితో వచ్చినవానిని కూడ వాడు ఆ కంటనే చూచెను.

3. సోవియట్ రష్యా

ఇక సామ్యవాద రాజ్యములలో మొదటిదానిని పరిశీలింతము. సోవియట్ పశువైద్య వ్యవస్థ శూన్యమునుండి పుట్టినది కాదు. 1864లో ఏర్పడిన జెంస్త్వో అను స్థానికసంస్థలు పశువైద్యులను నియమించి పల్లెలకు పంపియుండెను. 1879 నాటి చట్టము ముసర సోకిన పశువులను నిర్బంధముగా చంపి, యజమానికి పరిహారమిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు ఐరోపా రష్యా చాలవరకు ముసరనుండి విముక్తమయ్యెను. తరువాత ప్రపంచయుద్ధమును, అంతర్యుద్ధమును రోగమును మరల లోనికి తెచ్చినవి. సేనల వెంట పశువులు, పశువుల వెంట ముసర నడచెను.

విప్లవానంతరము వ్యవసాయ కమిసారియట్టు క్రింద పశువైద్య పరిపాలనము ఏకీకృతమయ్యెను. 1923లో రష్యను గణరాజ్యపు పశువైద్య శాసనమును, 1936లో సోవియట్ సమాఖ్య కంతటికి పశువైద్య శాసనమును వెలువడినవి. ఈ వ్యవస్థ నిచ్చెన వంటిది. పైమెట్టున కేంద్ర పరిపాలనము, నడుమ ప్రాంతీయ, జిల్లా కార్యాలయములు, అడుగున పశువైద్య స్థానములు. ఒక్కొక్క స్థానమున వైద్యుడును, అతని క్రింద ఫెల్డ్‌షర్ అను సహాయకుడును ఉండిరి. అంటురోగము కనబడిన వెంటనే తెలుపుట విధి, దిగ్బంధనము విధి, టీకా విధి. ఆ క్రమశిక్షణచేత 1928 నాటికి సోవియట్ దేశమున ముసర అంతరించెను. ఇది చిన్న విజయము కాదు. దొమ్మకు 1940 ప్రాంతమున గిన్స్‌బర్గ్ మొదలగు శాస్త్రజ్ఞులు రూపొందించిన సజీవబీజపు టీకా పశువులకు విస్తారముగా వాడబడి ఆ రోగమును బాగుగ తగ్గించెను.

ఇచ్చట మేము పాఠకుల దృష్టిని ఒక కాలక్రమము వైపు మరల్పగోరుచున్నాము. ముసర అంతరించినది 1928లో. బలవంతపు సమష్టీకరణము ఆరంభమైనది 1929 చివర. అనగా, ముసర నిర్మూలనము జరిగిన నాటికి ఆవు ఇంకను రైతు కొట్టములోనే ఉన్నది. పశువు సమష్టి ఆస్తి యగుటచేతనే రోగము పోయినదను వాదమున కీ తేదీలు అనుకూలింపవు. రోగమును తరిమినది నిచ్చెనవంటి వ్యవస్థయు, అది వాడుకొన్న శాస్త్రమును, అంతకు ముందటి జెంస్త్వో వైద్యుల అనుభవమును.

తరువాత జరిగినదేమి? కొల్ఖోజులో చేర్చవలెనన్న ఆజ్ఞ రాగా, రైతులు తమ పశువులను అప్పగించుటకంటె చంపి తినుటయే మేలనిరి. చేరిన పశువులు మేత లేక, పట్టించుకొను వారు లేక కూలినవి. 1928లో 7 కోట్ల 5 లక్షలున్న పశువుల సంఖ్య 1933 నాటికి 3 కోట్ల 84 లక్షలకు దిగెను. కజకస్థానమున సంచార పశుపాలకుల మందలు ఇంచుమించు తుడిచిపెట్టుకొని పోయినవి; ఆ కఱవున పది లక్షలకు మించిన జనులు మరణించిరి. ముసర యే దశాబ్దమునను చేయలేని నష్టమును ఒక విధానము నాలుగేండ్లలో చేసెను.

ఆ నష్టమునకు కారణము విధానమని ఒప్పుకొనుటకు రాజ్యము సిద్ధముగా లేదు. కావున ద్రోహులు కావలసి వచ్చిరి. 1934నుండి 1937వరకు వ్యవసాయ కమిసారుగా నుండిన మిఖాయిల్ చెర్నోవ్ 1938 మార్చి నాటి మాస్కో విచారణలో, గుఱ్ఱములకు దొమ్మను, పందులకు జాడ్యమును బుద్ధిపూర్వకముగా అంటించితినని ఒప్పుకొనవలసి వచ్చెను. ఆ నెలలోనే కాల్చి చంపబడెను. పల్లెలోని పశువైద్యుని దృష్టితో దీనిని చూడుడు. చట్టము రోగమును తెలుపుమనుచున్నది. తెలిపినచో, ఈ రోగము నీవు తెచ్చినదేనని న్యాయస్థానము అనవచ్చును. అట్టి చోట రోగవార్త పైమెట్టును చేరుట ఎట్లు?

4. చీనా

చీనాలో ముసర అనాదిగా నున్నది. 1948లో హర్బిన్ నగరమున పశువైద్య పరిశోధనాలయము స్థాపితమయ్యెను. జపాను శాస్త్రజ్ఞుడు నాకామురా కుందేళ్ళలో పెంచి సాధువు చేసిన ముసర విషక్రిమిని చీనా శాస్త్రజ్ఞులు గ్రహించి, దానిని మేకలకు, గొఱ్ఱెలకు అలవరచి, జడలబఱ్ఱెలకును హానిచేయని టీకాను తయారుచేసిరి. టిబెట్టు, చింగ్‌హాయి పీఠభూములలో మంచుపెట్టె లేదు, విద్యుత్తు లేదు. అట్టి చోట్ల టీకాను సీసాలో కాక, గొఱ్ఱె దేహముననే నడిపించుకొని పోయి, కావలసిన చోట తీసి వేసిరి. ఈ యుక్తి మెచ్చదగినది. 1955లో చివరి రోగము కనబడెను. 1956లో దేశము ముసరరహితమని ప్రకటింపబడెను.

ఇచ్చటను కాలక్రమము పూర్వపు పాఠమునే చెప్పుచున్నది. చీనాలో సమష్టీకరణము 1955–56లో ఉధృతమై 1958లో కమ్యూనుల రూపము దాల్చెను. అప్పటికే ముసరపై యుద్ధము ముగిసినది. రెండు సామ్యవాద రాజ్యములలోను ముసర నిర్మూలనము పశువు సమష్టి ఆస్తి యగుటకు పూర్వమో, ఆరంభదశలోనో సిద్ధించినది. పశువు ఎవరి సొంతమన్నది ఈ పనికి ముఖ్యము కాదు. వైద్యుడు ఊరూరికి చేరుట, టీకా ఉచితముగా దొరకుట, రాష్ట్రమునకును రాష్ట్రమునకును నడుమ ఆజ్ఞ తెగకుండుట, ఇవి ముఖ్యములు.

5. తెలంగాణమునకు సామ్యవాదము వచ్చినప్పుడు

తెలుగునేలపై సామ్యవాదులు గ్రామపాలనమును చేతబట్టిన ఘట్టము 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటము. దాని ప్రధాన కేంద్రములు నల్లగొండ, వరంగల్లు, ఖమ్మము ప్రాంతములు. నిజామాబాదు దానికి అంచున నుండెను. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన గ్రంథము ప్రకారము సుమారు 3,000 గ్రామములలో గ్రామరాజ్యములు ఏర్పడి, 10 లక్షల ఎకరముల భూమి పంచబడెను. ఇవి ఆ ఉద్యమనాయకులు చెప్పిన లెక్కలని గుర్తుంచుకొనవలెను.

ఈ గ్రామరాజ్యములు పశువైద్యవ్యవస్థను నిర్మించుట సాధ్యము కాదు. టీకాకు ప్రయోగశాల కావలెను, చల్లని పెట్టె కావలెను, బాట కావలెను; అడవులలో తిరుగు దళముల కవి అందునవి కావు. కాని వెట్టిని నిలిపివేయుట పశుచరిత్రలో ఒక ప్రధాన సంఘటనము. దొర అడిగినప్పుడు గొఱ్ఱె నీయనక్కరలేదన్న నాడు గొల్లవాడు తన మంద సంఖ్యను దాచవలసిన మొదటి కారణము తొలగినది. ఈ పోరాటమును భూమి పోరాటముగా మాత్రమే చదివిన పరిశోధకులు ఈ పార్శ్వమును కూడ విచారింపదగును.

6. భారతదేశపు మార్గము

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. 1949లో జాగీరులు రద్దయినవి. 1954లో జాతీయ ముసర నిర్మూలన పథకము ఆరంభమయ్యెను. దేశమందలి ఆవులలో, బఱ్ఱెలలో నూటికి 80 వంతులకు టీకా వేసి, పిమ్మట ఏటేట పుట్టు దూడలకు వేయుచు పోవుట దాని సంకల్పము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడగా మదరాసు సంప్రదాయపు శాఖయు, నిజాము సంప్రదాయపు శాఖయు ఏకమయ్యెను.

మొదటి దశాబ్దమున రోగము బాగుగా తగ్గెను, కాని పోలేదు. 1928లో రష్యాయు, 1956లో చీనాయు సాధించినదానిని భారతదేశము 1995 వరకు సాధింపలేదు. దక్షిణ ద్వీపకల్పము, అందు ఆంధ్రప్రదేశమును, రోగము చివరివరకు నిలిచిన నెలవులలో నొకటి. ఈ ఆలస్యమునకు కారణములను పరిశీలింతము.

మొదటిది, ఐరోపాదేశములవలె సోకిన పశువును చంపి రోగమును అడుగంటించు మార్గము ఇచ్చట లేదు. ధర్మభావనయు, పలు రాష్ట్రముల గోవధనిషేధ చట్టములును దాని నడ్డగించినవి. టీకా ఒక్కటే ఆయుధము. రెండవది, మేకలలో పెంచిన తొలిటీకా కొన్ని పశువులకు జ్వరము తెచ్చెడిది. దుక్కుల నాడు ఎద్దు నాలుగు దినములు పండుకొన్నచో రైతునకు కార్తె తప్పును. వానకాలపు ముంగిట సూదితో వచ్చిన వైద్యుని రైతు వెనుకకు పంపినచో అది అజ్ఞానము కాదు, లెక్క. మూడవది, టీకా లెక్కలు పైకి పోవుచుండెను గాని, టీకా తప్పిన పశువుల లెక్క ఎవరికిని లేదు. నాలుగవది, గొఱ్ఱె మేకలలో పారుడు రోగమును ముసరనుండి వేరుచేయుట చాలకాలము తెలియలేదు. భారతదేశమున ఆ రోగము వేరని 1987లో తమిళనాట మొదట గుర్తింపబడెను.

1992లో ఐరోపా సమాజపు సహాయముతో క్రొత్త పథకము ఆరంభమయ్యెను. దాని పద్ధతి విపరీతముగా కనబడును: టీకాను ఆపివేయుట. టీకా వేసినంతకాలము రోగము లేదో, దాగియున్నదో తెలియదు. కావున టీకా ఆపి, రోగమును వెదుకవలెను. పశువైద్య సిబ్బంది ఊరూరికి పోయి, ఇంటింట రైతుల నడిగిరి: నోటిపుండ్లతో పారుడుపట్టిన పశువేదైన నున్నదా? పశువైద్యశాలల దినచర్య పుస్తకములను తిరుగవేసిరి. పశువుల బాటలను, సంతలను గాలించిరి. ఈ గాలింపులో సూది లేదు, చట్టము లేదు, ఉన్నదెల్ల ప్రశ్న. రైతు చెప్పిన జవాబే రోగనిర్ణయమునకు మొదటి ఆధారము.

భారతదేశమున ముసర చివరిసారి 1995లో తమిళనాట కనబడెను. 2006లో దేశము ముసర సంక్రమణమునుండి విముక్తమైనదని అంతర్జాతీయ సంస్థ ఒప్పుకొనెను. 2011లో ప్రపంచమంతటను ముసర నిర్మూలితమైనదని ప్రకటింపబడెను. మానవులు భూమినుండి పూర్తిగా తొలగించిన వ్యాధులలో మశూచి తరువాత ఇది రెండవది. పెద్దరోగమను పేరు నేడు వృద్ధుల నోటనే మిగిలినది.

7. దాచిన వార్త

వార్తను దాచిన రాజ్యము నెట్లు పశువులే పట్టియిచ్చెనో తెలుపు ఉదంతము 1979 ఏప్రిలులో సోవియట్ దేశపు స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరమున జరిగెను. 60 మందికి పైగా దొమ్మరోగముచే మరణించిరి. రోగపు పశువుల మాంసము తినుటచేత జరిగినదని ప్రభుత్వము చెప్పెను. దొమ్మ పశువులనుండి మనుష్యులకు సోకునది కావున ఆ మాట నమ్మదగినట్లే కనబడెను. 1992లో అధ్యక్షుడు యెల్త్సిన్ కారణము సైనికమని ఒప్పుకొనెను. 1994లో మెసెల్సన్ మొదలగు శాస్త్రజ్ఞులు రోగులున్న చోట్లను, పశువులు చచ్చిన గ్రామములను పటముపై గుర్తింపగా, అవి సైనిక ప్రయోగశాలనుండి ఆనాటి గాలి వీచిన దిక్కున ఇంచుమించు 50 కిలోమీటర్ల వరకు ఒకే బారున నిలిచినవి. పశువైద్యమును అబద్ధమునకు ముసుగుగా వాడిన రాజ్యముపై పశువులే సాక్ష్యము పలికినవి.

దీనికి ప్రతిపక్షముగా ఇంకొక సంగతిని చెప్పుట న్యాయము. ఉత్తర రష్యాలోని యమాల్ ద్వీపకల్పమున సోవియట్ కాలమునుండి వచ్చిన దొమ్మటీకాను 2007లో మానివేసిరి. 2016 వేసవిలో దొమ్మ మరల లేచి రెండువేలకు మించిన రెయిన్‌డీర్లను, ఒక బాలుని బలిగొనెను. పాతరాజ్యపు ఆజ్ఞలో మేలు లేదనువారు దీనిని మఱవరాదు. ఆ వ్యవస్థ తప్పు ఏటేట టీకా వేయుటలో లేదు. నిజము చెప్పిన వానికి రక్షణ లేకుండుటలో ఉన్నది.

మన గ్రామములలోని దొమ్మ కూడ ఒక ప్రశ్న నడుగుచున్నది. దొమ్మతో చచ్చిన పశువును కోయరాదు; కోసినచో గాలి తగిలి బీజములు ఏర్పడి నేలలో దశాబ్దములు నిలుచును. కాని చచ్చిన పశువును మోయుట, తోలు తీయుట మాదిగ కులస్థులపై గ్రామము మోపిన విధి. ఆ తోలే వారి కూలి. కోయరాదని చెప్పిన అధికారి ఆ తోలు విలువను ఎవరిత్తురో చెప్పలేదు. రోగము సోకినచో మొదట చచ్చునది వారే. వార్త చెప్పినచో కూలి పోగొట్టుకొనునదియు వారే. 1879 నాటి రష్యా చట్టము పశుయజమానికి పరిహారమును విధించిన కారణమిదియే: నిజము చెప్పుటవలన నష్టపడువాడు నిజము చెప్పడు.

8. నేటి స్థితి

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత 2017లో గొల్ల కురుమలకు ఒక్కొక్క కుటుంబమునకు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును సబ్సిడీపై ఇచ్చు పథకము ఆరంభమయ్యెను. పొరుగు రాష్ట్రములనుండి లారీలలో గొఱ్ఱెలు వచ్చెను. దొరకు గొఱ్ఱె నిచ్చిన వాని మనుమనికి ప్రభుత్వము గొఱ్ఱెల నిచ్చుట చరిత్రలో పెద్ద మార్పు. అయినను దూరప్రయాణపు మంద దూరపు రోగమును తేవచ్చునను పాతసూత్రము మారలేదు. అదే యేడు సంచార పశువైద్యశాలలు 1962 అను ఫోను సంఖ్యతో బయలుదేరినవి. 2019లో కేంద్రప్రభుత్వము గాలికుంటును, ఈసుకుపోవు రోగమును అరికట్టుటకు దేశవ్యాప్త పథకమును చేపట్టి, పశువుల చెవికి 12 అంకెల సంఖ్యగల బిళ్ళను తొడిగించుచున్నది. ఆ యేడే దేశమున అడుగిడిన ముద్దచర్మ వ్యాధి 2022లో విజృంభించెను.

చెవిబిళ్ళ మంచి పరికరము. కాని ఒక కాపరి ఆ సంఖ్యను వైద్యము కొఱకని నమ్మునా, మునుపటి పుల్లరి లెక్కయని అనుమానించునా అనునది పరికరమున లేదు. గత నూరేండ్ల జ్ఞాపకములో నున్నది. ఫోను చేసినప్పుడు బండి వచ్చినచో మరల చేయును, రానిచో మానును. ఈ చిన్న లావాదేవియే మహావ్యవస్థలకు పునాది.

ఉపసంహారము

మేము చెప్పినదాని సారమిది. సామ్యవాద రాజ్యములు పశువైద్యమును రాజ్యధర్మముగా గ్రహించి, పేదరైతు వాకిటికి వైద్యుని చేర్చినవి. ఆ విషయమున అవి మనకంటె ముందు నడచినవి. ముసరను అవి గెలిచినది పశువును లాగుకొనుటవలన కాదు. అంతకు ముందే గెలిచినవి. లాగుకొనిన పిమ్మట రోగమును మించిన నష్టము కలిగెను. ఆ నష్టమును చెప్పు నోరు మూతపడెను. భారతదేశము ఆలసించెను, పలుమార్లు లెక్కలతో తన్ను తాను మభ్యపెట్టుకొనెను. కాని చివరి మెట్టున రైతును అడిగి, అతని మాట నమ్మి గట్టెక్కెను.

పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. నిజామాబాదు మొదలగు జిల్లాల పశువైద్యశాలలలో మిగిలియున్న పాత దినచర్య పుస్తకములు పరిశోధకునకు అమూల్యములు. ఏ ఊరి రైతు ఏ రోగమును ఏ పేరుతో చెప్పెనో, దానిని వైద్యుడు ఏ పేరుగా వ్రాసికొనెనో అట్టి పుస్తకములలో తెలియును. ఆ రెండు పేర్ల నడుమ నున్న దూరమే రైతునకును రాజ్యమునకును నడుమ నున్న దూరము. చెదలు తినకమునుపు వానిని, పెద్దరోగమును కన్నులార చూచిన వృద్ధులు ఉండగానే వారి మాటలను సేకరింపవలెను. ఆర్మూరు పసుపు చేలలో ఎద్దు నడచిన చాలు నేడు కానరాదు. దాని చరిత్రయైనను మిగులవలెనని మా కోరిక.